కూర్చుంటే తగ్గదు

మన ఇళ్ళల్లో కళ్ళు తిరిగాయంటే మొదట వినిపించే మాట, "పైత్యం చేసింది, కాసిని నిమ్మకాయ నీళ్ళు తాగి పడుకో." మర్నాడూ తిరిగితే, "బీపీ పడిపోయి ఉంటుంది." వారం దాటితే మెడకు ఎక్స్‌రే. అందులో ఎముకలు అరిగినట్టు కనబడుతుంది. యాభై దాటినవాళ్ళలో చాలామందికి, కళ్ళు తిరిగినా తిరక్కపోయినా, అలాగే కనబడుతుంది. అయినా అక్కడితో జబ్బుకు పేరు ఖాయమవుతుంది. మెడకు పట్టీ, పూటకో బిళ్ళ వస్తాయి. ఇంటిల్లిపాదీ కలిసి ఆ మనిషిని ఒక కుర్చీలో కూర్చోబెడతారు. ఆర్నెల్లు పోయాక చూస్తే తూలు తగ్గకపోగా, వీధి చివరిదాకా వెళ్ళే ధైర్యం కూడా పోయి ఉంటుంది.

ఆ ఆర్నెల్లలో ఇరుక్కున్నవాళ్ళ కోసం ఈ అధ్యాయం. ఉన్నట్టుండి ఇవాళే మొదలైనవాళ్ళు మాత్రం పుస్తకం పక్కన పెట్టాలి. మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, ఎన్నడూ ఎరగని తలనొప్పి, ఛాతీలో నొప్పి, నిలబడితే అడుగు కూడా వేయలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా 108కి ఫోన్ చేయండి. పక్షవాతం కొన్నిసార్లు కళ్ళు తిరగడంతోనే మొదలవుతుంది. ఒక చెవి హఠాత్తుగా వినిపించకుండా పోయినా ఆ రోజే చెవి డాక్టరును కలవాలి. దానికి మందు పనిచేసే గడువు కొద్ది రోజులే.

మిగతావాళ్ళు ముందు చేయాల్సింది, తమకు ఉన్నది ఏమిటో తేల్చుకోవడం. దానికి డాక్టరు దగ్గర మీరు చెప్పే మాటలే పెద్ద పరీక్ష. "ఎలా తిరుగుతోందండీ?" అంటే అందరూ చేత్తో గాలిలో సున్నా చుట్టి చూపిస్తారు. దానివల్ల పెద్దగా తేలదు. ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది, తోడుగా ఇంకేం వస్తున్నాయి, ఈ మూడూ చెప్పండి. రెండు వారాలపాటు చాకలి పద్దులా ఓ చిన్న నోటుబుక్కులో రాసుకుని వెళ్తే ఇంకా మంచిది.

మంచం మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలినప్పుడు, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినప్పుడు గది గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోతోందా? చాలావరకు అది లోపలి చెవిలోని సున్నపు పలుకులు చోటు తప్పడం. చెవి లోపల ద్రవంతో నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలుంటాయి. మేస్త్రీ చేతిలోని రసమట్టం గోడ వంపు చెప్పినట్టు, ఇవి తల ఎటు తిరిగిందో మెదడుకు చెబుతాయి. ఆ పక్క సంచిలో ఉండాల్సిన సన్నటి పలుకులు రాలి గొట్టంలో పడితే, తల ఆగినా అవి దొర్లుతూనే ఉంటాయి. తల ఇంకా తిరుగుతోందని మెదడు నమ్ముతుంది. దీన్ని పట్టుకునే పరీక్షకు స్కానింగు అక్కర్లేదు. డాక్టరు మిమ్మల్ని బల్ల మీద తల ఒక పక్కకు తిప్పి వేగంగా పడుకోబెట్టి కళ్ళు చూస్తారు, అంతే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు, ఆ పలుకుల్ని తిరిగి వాటి చోటికి జార్చే పద్ధతి కనిపెట్టాడు. తలను నాలుగైదు భంగిమల్లో వరసగా తిప్పడమే ఆ వైద్యం. కొద్ది నిమిషాల పని, చాలామందికి ఒకటి రెండు సార్లలోనే గుణం కనిపిస్తుంది. ఇంత చవకైన వైద్యం ఉండగా మనవాళ్ళు ముందు ఎమ్మారైకి పరుగెత్తడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది.

గంటల తరబడి తిరుగుతూ, ఒక చెవి దిబ్బడేసి, అందులో హోరు వినిపించి, వినికిడి తగ్గుతోందంటే అది వేరే జబ్బు. 1861లో పారిస్‌లో ప్రాస్పర్ మెనియేర్ ఈ జాతి తిరుగుడుకు మూలం మెదడులో కాదు, చెవిలో ఉందని చెప్పాడు. జబ్బుకు ఆయన పేరే మిగిలింది. దీనికి డాక్టర్లు ఉప్పు తగ్గించమంటారు. అంటే మనకు కూరలో ఉప్పు కన్నా ముందు ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు అన్నమాట. ఇక వెలుతురూ చప్పుడూ భరించలేనట్టుండి, చిన్నప్పటినుంచి పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకు తలనొప్పి లేకుండా కూడా తిరుగుడు రావచ్చు. అలాంటివాళ్ళు శనివారం ఉపవాసాలు, నిద్ర లేని రాత్రులు లెక్క చూసుకోవాలి. కూర్చున్నవాళ్ళు లేవగానే కళ్ళు బైర్లు కమ్మితే, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డ మూడు నిమిషాల లోపూ బీపీ కొలిపించండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే కారణం తరచూ మీ మందుల పెట్టెలోనే ఉంటుంది. బీపీ బిళ్ళలు, నీరు తీసే బిళ్ళలు, ప్రోస్టేటు బిళ్ళలు, నిద్రమాత్రలు, అన్ని స్ట్రిప్పులూ సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. అరికాళ్ళు మొద్దుబారి చీకట్లో మాత్రమే తూలుతుంటే షుగరు, బీ12 చూపించుకోవాలి. శాకాహారులకీ, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళకీ బీ12 తగ్గడం మామూలే.

ఇవన్నీ తేలాక, వైద్యం అయ్యాక కూడా కొందరికి ఒక తూలు మిగిలిపోతుంది. గిర్రున తిరగదు. పడవలో నిలబడ్డట్టుంటుంది, నేల మెత్తగా అనిపిస్తుంది, జనం ఉన్నచోట, సూపర్‌మార్కెట్ అరల మధ్య ఎక్కువవుతుంది. మూడు నెలలకు మించి దాదాపు రోజూ ఇలా ఉండేదాన్ని డాక్టర్లు ఇప్పుడు ప్రత్యేకమైన జబ్బుగా గుర్తిస్తున్నారు. 2017లో బరాని సొసైటీ అనే వైద్యుల సంఘం దాని లక్షణాలను ఖరారు చేసింది. అందాకా ఈ రోగుల్లో ఎందరినో "ఏమీ లేదు, టెన్షన్" అని పంపేశారు.

బరాని పేరు వచ్చింది కనుక ఆయన కథ ఒక్కటి. వియన్నాలో రాబర్ట్ బరాని అనే కుర్ర డాక్టరు రోగుల చెవులు నీళ్ళతో కడుగుతుంటే వాళ్ళకు కళ్ళు తిరిగేవి. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఒకరు గొణిగితే ఈసారి బాగా వేడి నీళ్ళు పట్టాడు. మళ్ళీ తిరిగాయి, కాకపోతే కనుగుడ్లు మొదటిసారికి వ్యతిరేక దిక్కుకు కొట్టుకున్నాయి. ఒంటి వేడికి సమానమైన నీళ్ళకు ఏమీ కాలేదు. చెవికీ కంటికీ ఉన్న ఆ లంకెను తేల్చినందుకు ఆయనకు 1914 నోబెల్ బహుమతి వచ్చింది. కబురు అందేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. మనకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, ఆదివారం తలంటుకు ముందు చెవిలో నూనె పోసే అలవాటు మానేయండి. చల్లటి నీళ్ళూ నూనే చెవిని నేరుగా కదిలిస్తాయి. కర్ణభేరికి చిల్లి ఉంటే చీమూ పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఒక చెవి దెబ్బతిన్నప్పుడు అది మళ్ళీ మునుపటిలా కాకపోవచ్చు. అయినా మనిషి బాగుపడతాడు. ఎలాగంటే, రెండు చెవులూ పంపే వేర్వేరు కబుర్లను మెదడు మెల్లగా సరిచూసుకుంటుంది, కళ్ళనీ పాదాలనీ సాక్ష్యానికి పిలుస్తుంది, కొత్త లెక్క కడుతుంది. ఆ లెక్క కట్టాలంటే మెదడుకు తప్పులు కనిపించాలి. తల కదిపితేనే, అడుగు వేస్తేనే తప్పు కనిపిస్తుంది. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి మెదడుకు నేర్చుకోవడానికి పాఠమే ఉండదు. మెడపట్టీ తలను కదలనివ్వదు కనుక ఈ విషయంలో అది వైద్యానికి అడ్డమే.

కళ్ళు తిరిగే బిళ్ళల సంగతీ అంతే. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ లాంటివి వాంతులతో మంచాన పడ్డ మొదటి రెండు మూడు రోజులకు వరం. నెలల తరబడి వాడితే అవి చెవి పంపే కబురునే మూగబోయేట్టు చేస్తాయి, మెదడు నేర్చుకోవడం వెనకబడుతుంది. పెద్దవాళ్ళలో చేతులు వణకడం, నడక బిగుసుకోవడం కూడా వీటివల్ల రావచ్చు. మందుల షాపులో అడిగి కొనుక్కుంటూ రెండేళ్ళుగా మింగేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఇది చదివి రేపే మానేయకండి. రాసిన డాక్టరుని "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.

1940లలో లండన్‌లో కాథోర్న్ అనే చెవి సర్జనూ, కుక్సీ అనే డాక్టరూ తలకు దెబ్బలు తగిలినవాళ్ళనూ చెవి ఆపరేషన్లు అయినవాళ్ళనూ గమనించి, తొందరగా లేచి తిరిగినవాళ్ళే తొందరగా కోలుకుంటున్నారని గ్రహించారు. మంచం మీద కళ్ళు తిప్పడంతో మొదలుపెట్టి బంతులాటల దాకా వాళ్ళు కూర్చిన వ్యాయామాలకే నేటి ఫిజియోథెరపిస్టులు మెరుగులు దిద్దుతున్నారు. చెవి తూలు మీద శిక్షణ ఉన్న ఫిజియో దొరికితే ఒకసారి వెళ్ళి మీకు తగిన వరస రాయించుకోండి. దొరికేదాకా ఇంట్లో మొదలుపెట్టదగ్గవి కొన్ని చెబుతాను.

గోడ మీద తిథుల క్యాలెండర్ ఉంటుందిగా. దానికి రెండు మూడు అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని ఇవాళ్టి తేదీ అంకె మీద చూపు నిలపండి. చూపు కదలకుండా తలను మాత్రం కుడికీ ఎడమకీ, కాదు కాదు అన్నట్టు తిప్పండి. అంకె చెదిరిపోనంత వేగం చాలు. నిమిషం చేసి ఆగండి. తర్వాత అవునన్నట్టు పైకీ కిందికీ. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకు ఇవి కొత్త కావు, శిరోభేదాల్లోని ధుతం, కంపితం ఇవే. ఇక్కడ చూపు మాత్రం తలతో పోకూడదు. కూర్చుని సులువయ్యాక నిలబడి చేయండి, ఆపైన పాదాలు దగ్గరగా పెట్టి. అదీ అలవాటయ్యాక కాళ్ళ కింద మడత పెట్టిన బొంత వేసుకోండి. ఇంకా ముందుకు పోవాలంటే అంకె రాసిన కాగితాన్ని గళ్ళ దుప్పటి మీద అంటించి చూస్తూ చేయండి. గళ్ళు కళ్ళను కంగారుపెడతాయి, ఆ కంగారే ఇక్కడ పాఠం. రోజు మొత్తంలో మూడు నాలుగు విడతలుగా కలిపి ఇరవై నిమిషాలు అయితే మంచి లెక్క.

నిలకడ కోసం గది మూల మంచిది. రెండు గోడలు కలిసేచోట వాటికి వీపు చేసి నిలబడి, ముందు ఒక బరువైన కుర్చీ పెట్టుకోండి. ఎటు తూలినా ఆసరా ఉంటుంది. పాదాలు దగ్గర చేసి అర నిమిషం నిలబడండి, తర్వాత కళ్ళు మూసుకుని. అది వచ్చాక గోడ పక్కన టైల్సు గీత మీద మడమ వేలిని తాకేలా పది అడుగులు. వరండాలో నడుస్తూ రెండడుగులకోసారి తల కుడికీ ఎడమకీ తిప్పి గోడ మీది ఫోటోలు చూడండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడమూ కలపండి. తూలినప్పుడు ఆపుకునేది తొడ బలమే. కళ్ళు మూసేవీ, బొంత మీద చేసేవీ మొదట్లో ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే.

వ్యాయామం చేస్తే తూలు కొంచెం పెరుగుతుంది. పెరగాలి కూడా. చాలామంది మూడో రోజున, "దీనివల్ల ఎక్కువైంది" అని మానేసేది ఇక్కడే. సున్నా నుంచి పదిదాకా మీ తూలుకు మార్కులు వేసుకోండి. మొదలుపెట్టేముందు రెండు ఉండి, చేశాక నాలుగో ఐదో అయి, పావుగంటలో మళ్ళీ రెండుకు దిగితే మోతాదు సరిపోయిందని. గంట దాటినా దిగకపోతే రేపు సగం చేయండి. అసలు పెరగకపోతే ఒక మెట్టు ఎక్కండి. వాంతి వచ్చేదాకా పంతానికి చేసేవాళ్ళూ ఉంటారు, దానివల్ల పట్టుదల రుజువవుతుందే గానీ తూలు తగ్గదు.

ఇక ఇల్లు. పడిపోవడానికి మన ఇళ్ళల్లో అన్నిటికన్నా అనువైన చోటు స్నానాల గది. తడి నేల, ఆసరా లేని గోడలు, కళ్ళల్లో సబ్బు. కళ్ళు మూసుకోగానే మెదడుకు ఒక సాక్షి తగ్గిపోతుంది. జర్మనీలో 19వ శతాబ్దపు డాక్టరు రాంబర్గ్ పాదాల స్పర్శ పోయిన రోగుల్లో ఇదే చూశాడు, కళ్ళు మూసుకుంటే చాలు తూలిపోయేవాళ్ళు. అందుకని నిలబడి చెంబులతో పోసుకోవడం మాని ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోండి. బకెట్టును ఇంకో పీట మీద పెడితే వంగి ముంచుకునే పని తప్పుతుంది. తల మీద పోసుకునేటప్పుడు రెండో చెయ్యి గోడకు బిగించిన కడ్డీ మీద ఉండాలి. తువ్వాలు వేసుకునే కడ్డీని నమ్మకండి, అది మనిషి బరువు ఆపదు. గడియ పెట్టుకోవద్దు. ఎవరైనా వస్తారనుకుంటే తలుపుకు తువ్వాలు తగిలించండి.

రాత్రి లేచేటప్పుడు తొందర వద్దు. పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు దించి, మంచం అంచున కూర్చుని పాదాలు పదిసార్లు ఆడించి అప్పుడు లేవండి. మంచానికీ స్నానాల గదికీ మధ్య చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. కరెంటు పోతే చేతికందేలా దిండు పక్కన టార్చి. రోజూ వాడే డబ్బాలు అటక మీద నుంచి నడుము ఎత్తుకు దించేయండి. దండెం కాస్త కిందికి కట్టండి. మంగలి షాపులో తల మర్దన అయ్యాక మెడ విరుస్తానంటే వద్దని ముందే చెప్పండి. మెడ రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇంత సర్దాక, పనులు మాత్రం తీసేయకండి. ఇక్కడే ఇంట్లోవాళ్ళతో పేచీ వస్తుంది.

"అత్తయ్యా, మీరు లేవకండి, ముగ్గు నేను వేస్తాను."

"రోజూ నువ్వే వేస్తే నాకు వంగడం ఎప్పుడొస్తుందే? నాలుగు చుక్కల ముగ్గు వేస్తాను, నువ్వు అక్కడ నిలబడి చూడు."

ఈ అత్తగారి మాటే సరైన మాట. ముగ్గులో వంగడం, తల తిప్పడం, లేవడం, గీత వెంట చూపు పోవడం అన్నీ ఉన్నాయి. ఏ ఫిజియో అయినా ఇంతకన్నా మంచి వ్యాయామం రాయలేడు. ముందు చిన్న పీట మీద కూర్చుని వేయండి, తర్వాత వంగి. కోడలు చేయాల్సిన సాయం ముగ్గు వేసిపెట్టడం కాదు, చెయ్యందేంత దూరంలో నిలబడటం. తోడుగా నడిచేటప్పుడు కూడా రెక్క పట్టుకుని లాగకండి. మీ మోచేయి వాళ్ళకు అందించండి, పట్టుకోవడం వాళ్ళ ఇష్టం.

ఇంట్లోవాళ్ళకు ఇంకో మాట. ఈ జబ్బు బయటికి కనబడదు. కట్టు లేదు, జ్వరం లేదు. "బాగానే ఉన్నావుగా, పెళ్ళికి రావడానికేం?" అని అడుగుతారు. ఆ పెళ్ళిమంటపంలో తిరిగే రంగు లైట్లు, చుట్టూ కదిలే జనం, మైకుల హోరు ఉంటాయి. మామూలు రోజు రెండు మార్కుల్లో ఉన్న మనిషి అక్కడ అరగంటలో ఏడుకు పోతాడు. రానక్కర్లేదని కాదు. ముందు ముహూర్తానికి వచ్చి గోడవార కుర్చీలో గంట కూర్చుని, రద్దీ పెరిగేముందు వెళ్ళనివ్వండి. వచ్చేసారి రెండు గంటలు ఉంటాడు.

గుడి కూడా అంతే. పండగ నాడు కాక మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళండి. ప్రదక్షిణలు మూడుతో మొదలుపెట్టి, ధ్వజస్తంభం కనిపించిన ప్రతిసారీ దాని మీద ఓ క్షణం చూపు నిలపండి. ఉన్నచోటే చుట్టూ తిరిగే ఆత్మప్రదక్షిణ కళ్ళు తెరిచి, నెమ్మదిగా, ఒక్కటి చాలు. క్యూలో కదలకుండా నిలబడాల్సి వస్తే మడమలు ఎత్తి దించుతూ ఉండండి, పిక్కలు నెత్తురును పైకి తోస్తాయి. రెండు చెవుల బలమూ తగ్గినవాళ్ళు నదిలో మునగకూడదు. నీళ్ళలో కళ్ళు మూసుకుంటే పైకి ఎటో కిందికి ఎటో తెలియకుండా పోతుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అలాంటివాళ్ళు మెట్ల మీద కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకుంటే ఆ పుణ్యమూ తక్కువేం కాదు.

రోడ్డు మీద కొన్ని నియమాలకు మినహాయింపు లేదు. చెప్పాపెట్టకుండా తిరుగుడు వచ్చేవాళ్ళు బండి నడపకూడదు, నిచ్చెన ఎక్కకూడదు, పిట్టగోడ లేని డాబా అంచుకు పోకూడదు. స్కూటరు మీద ఒక పక్కకు కూర్చోవడం కన్నా ఆటో మేలు. బస్సులో ముందు సీటు అడగండి. ఫోను చూడకుండా దూరంగా రోడ్డు మీద చూపు ఉంచండి. చేతికర్ర పట్టుకోవడానికి నామోషీ పడేవాళ్ళకు గొడుగు ఉంది. కాకపోతే దాని కొన జారని రకమైతేనే.

భయం గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. ఒకసారి బజారులో తూలినవాడికి రెండోసారి బజారు పేరెత్తగానే తూలు మొదలవుతుంది. ఒళ్ళు బిగుసుకుంటుంది, చూపు నేలకు అతుక్కుంటుంది, ప్రతి అడుగునూ మనసు కాపలా కాస్తుంది. నడక మామూలుగా దానంతట అది జరిగే పని. కాపలా కాసేకొద్దీ చెడుతుంది. ఈ ముడి విప్పడానికి డాక్టరు మానసిక వైద్యుడి దగ్గరికి పంపినా, ఆందోళన తగ్గించే మందు రాసినా చిన్నబుచ్చుకోకండి. మీరు నటిస్తున్నారని ఆయన అనడంలేదు. మిగిలిపోయిన తూలు మీద ఆ మందులు, మాటల చికిత్స కొందరికి బాగా పనిచేస్తాయి. మీ వంతుగా చేయగలిగింది, మానేసిన చోట్లను ఒక కాగితం మీద సులువు నుంచి కష్టానికి వరసగా రాసుకోవడం. వీధి మలుపులో పాల బూత్, తర్వాత కూరల బండి, తర్వాత రైతుబజారు. ఒక్కోదాన్ని విసుగు పుట్టేదాకా చేసి తర్వాతిది అందుకోండి. నేల చూపులు మాని ముందున్న మనిషి భుజాల ఎత్తులో చూస్తూ నడవండి.

నెల, రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. మధ్యలో జలుబు చేసినా, నిద్ర చెడినా, ఊరు ప్రయాణం పడినా పాత తూలు తిరిగి వస్తుంది. ఆ రోజు నడక ఇంటి వరండా వరకే పెట్టుకోండి, క్యాలెండర్ దగ్గర కూర్చునే చేయండి, మార్కులు నోటుబుక్కులో వేయండి. మర్నాడు లేచి మూడు రోజుల కిందట ఎక్కడున్నారో ఆ పేజీ తీసి, అక్కణ్ణించి అందుకోండి.